ఎవరి తాళంచెయ్యి వాళ్లకే

నిరోష రక్తపరీక్ష రిపోర్టు చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నీ తిరిగి చివరికి మల్లిక ఫోన్‌కే వచ్చింది. పంపినామె చిన్నప్పుడు బళ్లో కలిసి చదువుకున్నది. కింద ఒక్క మాట రాసింది: "ఇది మీ ల్యాబ్‌దే గదనే?"

మల్లిక చేతి తొడుగులు విప్పేసి, బొమ్మను పెద్దది చేసి చూసింది. పైన 'బీరప్ప డయాగ్నస్టిక్స్, మర్రిగూడ' అని తమ పేరే. అడుగున తన సంతకమే. మధ్యలో నిరోష పేరు, వయసు, ఊరు, హెపటైటిస్ బి పాజిటివ్ అన్న మాట. ఆ మాట చుట్టూ ఎవరో వేలితో ఎర్రగా సున్నా చుట్టారు. పక్కన మెషీన్‌లో శాంపిళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. వాటి చప్పుడు కూడా ఆమెకు వినపడలేదు.

మల్లిక నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో కొన్నేళ్లు పనిచేసి, సొంత ల్యాబ్ పెట్టుకోవాలని వెనక్కి వచ్చిన మనిషి. మర్రిగూడ బస్టాండ్ పక్కన రెండు షటర్ల జాగా కిరాయికి తీసుకుంది. తండ్రి మల్లప్ప ఇప్పటికీ గొర్లు కాస్తాడు. తమ్ముడు లింగస్వామి బండి మీద ఊరూరూ తిరిగి శాంపిళ్లు తెస్తాడు, సాయంత్రం బిల్లులు చూస్తాడు. కౌంటర్ దగ్గర సుస్మిత కూర్చుంటుంది. మోకాళ్లు పట్టేసినవాళ్లు, నడుములు వంగినవాళ్లు, చక్కెర జబ్బువాళ్లు, బోరునీళ్లు సీసాలో పట్టుకొచ్చి ఇందులో ఫ్లోరైడ్ ఎంతుందో చూడమనేవాళ్లు, అందరూ అక్కడికే వస్తారు. మల్లప్ప బిడ్డ కదా అని నమ్మి చేయి చాపుతారు.

నిరోష కూడా అలాగే చాపింది. ఆమె పక్క పల్లె బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. నీరసంగా ఉంటోందంటే సర్కారు దవాఖాన డాక్టరమ్మ పరీక్షలు రాసిచ్చింది. కాలేయానికి సంబంధించిన వైరస్ బయటపడింది. మల్లిక ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెప్పింది. మందులున్నాయని, భయం లేదని, డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పనక్కర లేదని ధైర్యం చెప్పింది. కాగితం మడతపెట్టి చేతికిచ్చింది. అంతే జరిగింది.

ఫోన్‌లో ఉన్నది ఆ కాగితం కాదు. కాగితానికి తీసిన ఫొటో అయితే మడతలుంటాయి, నీడ ఉంటుంది. ఇది కంప్యూటర్‌లోని ఫైలునే తెరిచి పట్టుకున్న బొమ్మ. నిరోష ఇంట్లోంచి పోయింది కాదు. తమ దగ్గరి నుంచే పోయింది.

లింగస్వామి బండి ఆపి పరుగున లోపలికి వచ్చాడు.

"అక్కా, నిరోషను బడికి రావొద్దన్నరట. పిల్లల తల్లిదండ్రులు పొద్దున్నే పోయి లొల్లి చేసిన్రు. గామె చేతి బువ్వ మా పిల్లలు తినరు అని."

"గా జబ్బు బువ్వతోని అంటదారా? నెత్తురుతోని గద."

"గదెవరు వింటరు? నువ్వు ముందు గీ సంగతి చూడు. మన దాంట్లకెల్లి ఎట్ల పోయింది? పోతే ఎవరు పంపినట్టు?" అంటూ అతను కౌంటర్ వైపు చూశాడు. "కంప్యూటర్ ముంగట పొద్దంత కూసునేది ఎవరు?"

సుస్మిత లేచి నిలబడింది. "అన్నా, నేనెందుకు పంపుత? నా తోడు, నేను గా ఫైలే తెరువలే," అంటూ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏడుస్తె అయిపోతదా? రేపటిసంది రావొద్దు."

"ఆగు లింగా," అంది మల్లిక. గొంతు హెచ్చించలేదు. "ఎవరు తెరిచిన్రో తెలిసెదాక ఎవర్నీ ఏమనొద్దు. నువ్వు కూసో సుస్మితా."

ఎవరు తెరిచారో తెలుసుకుందామని మల్లిక కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చున్నాకే అసలు సంగతి బోధపడింది. కౌంటర్ దగ్గర ఒకటి, మెషీన్ దగ్గర ఒకటి, బిల్లుల బల్ల మీద ఒకటి, మూడు కంప్యూటర్లు. మూడింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్: బీరప్ప, పక్కన ఒకటి రెండు మూడు. తను తెరిచినా, సుస్మిత తెరిచినా, లింగస్వామి తెరిచినా కంప్యూటర్ లెక్కలో అందరూ ఒక్క మనిషే. ఎవరిని అడగాలి? దేన్ని చూసి చెప్పాలి?

తన ఫోన్ తీసి వైఫైలో ఏమేం కనపడతాయో వెతికింది. 'రిపోర్ట్స్' అని ఫోల్డర్ కనపడింది. నొక్కింది. ఏ తాళమూ అడగకుండానే తెరుచుకుంది. ఊరివాళ్ల పేర్లన్నీ వరసగా కిందికి జారాయి. మల్లిక ఫోన్ పట్టుకుని బయటికొచ్చి టీ హోటల్ బల్ల దాకా నడిచింది. ఇంకా తెరుచుకునే ఉంది. అవతలి వీరేశం మొబైల్ షాపులోకి పోయి నిలబడింది. అక్కడా తెరుచుకునే ఉంది. వీరేశం కౌంటర్ పైన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉన్న మాట చూసింది. అది తమ వైఫై పాస్‌వర్డ్.

"వీరేశం, గిదేంది?"

"మీదే గదక్కా. ఫోన్ రిపేర్‌కొచ్చినోళ్లు అడుగుతరు, చూసుకోమంట. లింగస్వామే చెప్పిండు, వాడుకోమని."

"రిపోర్టుల ఫోల్డర్‌కు తాళమెందుకు పెట్టలే నువ్వు?"

ఆ ల్యాబ్‌కు మొదట వైఫై పెట్టి, కంప్యూటర్లు కలిపింది వీరేశమే. అతను నొచ్చుకున్నాడు. "నువ్వే గదక్కా అన్నవ్, మూడింట్ల ఒకేసారి కనవడాలె, లింగస్వామి ఫోన్ల సుత కనవడాలె, జల్ది పనైపోవాలె అని. తాళం పెడ్తె మాటిమాటికి అడుగుతదని తీసేపిచ్చిన్రు."

అది నిజమే. షాపులో కూర్చున్న మనుషులు, హోటల్ బల్ల మీది మనుషులు, బస్సు కోసం నిలబడ్డ మనుషులు, వాళ్లలో ఎవరైనా కావచ్చు. పనిలేక ఫోన్ గెలుకుతూ తెరిచి ఉండొచ్చు. దొంగ ఎవరని వెతికితే ఊరంతా వెతకాలి. తలుపు తెరిచి పెట్టింది ఎవరంటే మాత్రం వెతకాల్సిన పని లేదు.

వెంటనే లోపలికొచ్చి వైఫై డబ్బా వైరు పీకేసింది.

"అక్కా, బిల్లులెట్ల?" అన్నాడు లింగస్వామి.

"చేత్తోని రాస్కో."

ఆ మధ్యాహ్నమే మల్లిక పోలీస్ స్టేషన్‌కు పోయి తనే ఫిర్యాదు రాసిచ్చింది. అక్కడి నుంచి నిరోష ఇంటికి బయలుదేరింది. లింగస్వామి అడ్డం పడ్డాడు.

"నీకు జర తెలివుందా? మనమే పోయి మా దగ్గరికెల్లే పోయింది అని చెప్తె ఇంకెవడన్న వస్తడా మన ల్యాబ్‌కు? ఊకుంటె రెండు దినాల్ల జనమే మర్చిపోతరు."

"జనం మర్చిపోతరేమో. నిరోష మర్చిపోతదా?"

నిరోష వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న కొడుకు. మల్లికను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. మల్లిక నిలబడే చెప్పింది. తమ కంప్యూటర్లకు తాళం లేదని, ఎవరో చూసి తీసుకున్నారని, అది తమ తప్పేనని, ఎవరన్నది తెలియదని, తెలియకపోవడం కూడా తమ తప్పేనని.

నిరోష అంది: "నువ్వు తలుపు పెట్టి చెప్పినవ్. మంచిదానివి అనుకున్న. ఇంటాయనకు గూడ చెప్పకముందే ఊరికి తెల్సింది. మా అత్త నా గిలాస వేరు పెట్టింది. ఇప్పుడు నువ్వొచ్చి తప్పైందంటె, నా గిలాస మల్ల లోపటికి వస్తదా?"

"రాదు," అంది మల్లిక. "నీ కొలువు మాత్రం పోనియ్య. బడికి నేనొస్త."

"ఏమొద్దు. ఇంకింత మందికి తెలుస్తది."

"నువ్వు వద్దంటె రాను. రమ్మంటె డాక్టరమ్మను ఎంబటవెట్టుకొని వస్త. గామె చెప్తది, వంటతోని అంటుకోదని."

నిరోష మల్లిక ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. మర్నాడు పొద్దున మాత్రం ఫోన్ చేసి, "డాక్టరమ్మను తీస్కరా," అని పెట్టేసింది.

బడి వరండాలో తల్లిదండ్రులు గుంపుగా నిలబడ్డారు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ వైరస్ ఒకరి నెత్తురు ఇంకొకరి నెత్తురులో కలిస్తేనో, శారీరక సంబంధంతోనో, తల్లి నుంచి కాన్పులో బిడ్డకో వస్తుందే తప్ప అన్నంతో, నీళ్లతో, చేయి తాకితే రాదంది. ఒకాయన వినకుండా, "మరి ల్యాబ్ల పేపర్ల గట్ల ఎందుకు రాసిన్రు?" అన్నాడు. అప్పుడు మల్లిక ముందుకొచ్చింది.

"గా పేపర్ మీ చేతికి రావద్దు. అది నిరోషది. మా ల్యాబ్ల తాళం లేకపోవట్కి బయటికొచ్చింది. తప్పు నాది. ఇయ్యాల నిరోషది వచ్చింది. మీల చానమంది నా దగ్గర నెత్తురిచ్చిన్రు. మీయి గూడ గదే ఫోల్డర్ల ఉండె."

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అడిగినాయన తల దించుకున్నాడు. నిరోషను ఆ వారమే మళ్లీ పనిలోకి రమ్మన్నారు. అయినా కొందరు పిల్లలు డబ్బాల్లో ఇంటి అన్నం తెచ్చుకోవడం మానలేదు. ఫోన్లలోంచి ఆ బొమ్మ పూర్తిగా పోనూ లేదు.

మల్లిక మాత్రం ఇంక ఒక్క రోజు కూడా ఆగదలుచుకోలేదు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సతీశ్ అనే ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. రైసు మిల్లులకు, బడులకు నెట్‌వర్క్‌లు పెట్టిన అనుభవం ఉన్నవాడు. ఆయన ముందు కూర్చుని ల్యాబ్‌లో ఏది ఎక్కడుందో కాగితం మీద గీసి చూపించింది.

సతీశ్ చూసి నవ్వలేదు. "చానామంది గిట్లనే పెట్టుకుంటరు మేడం. ఒకటే అర్రల ఇంటోళ్లు, సుట్టాలు, బజార్ల పోయేటోళ్లు అందరు పండుకున్నట్టు. ఆదివారం మా పిలగాండ్లను తీస్కొని వస్త. పొద్దుగూకే వరకు పెట్టేసి పోతం."

"మీరు పెట్టి పోతె మల్ల నా చేతిల ఏముంటది? వీరేశం గట్లనే పెట్టి పోయిండు. ఏం పెట్టిండో నాకు తెల్వలే. నాకు నేర్పుండ్రి సార్. నేను పెడ్త. మీరు పక్కన నిలబడుండ్రి."

"గది జర టైం పడ్తది."

"పట్టనీ."

అలా ఆమె మధ్యాహ్నాలు బస్సెక్కి నల్లగొండ పోవడం మొదలుపెట్టింది. మొదట్లో మాటలే అర్థం కాలేదు. రౌటర్ అంటే వైఫై డబ్బా అనుకుంది. అది ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని ఏ గదికి పోనివ్వాలో నిర్ణయించే కావలి అని తెలిశాక దాని మీద గౌరవం పుట్టింది. తమ రౌటర్‌కు కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉందని, అది డబ్బా అడుగున చీటీ మీద అచ్చేసి ఉందని చూసి సిగ్గుపడింది. కొత్త డబ్బాను సతీశ్ బల్ల మీదే పెట్టుకుని, ఒకసారి పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టింది. ఒక రోజు తనను తనే బయటికి పంపుకుని తాళం వేసుకుంది. ఎంత ప్రయత్నించినా లోపలికి పోలేకపోయింది. సతీశ్ చూస్తూ ఊరుకున్నాడు. ఆమె డబ్బా వెనకున్న చిన్న బొక్కలో సూది గుచ్చి, అంతా మొదటికి తెచ్చి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఇగ వస్తది మీకు," అన్నాడాయన.

ఆదివారం ల్యాబ్ మూసి పని పెట్టుకున్నారు. సతీశ్ వచ్చాడు, అన్నమాట ప్రకారం పక్కనే నిలబడ్డాడు. కదలని కంప్యూటర్లకు వైఫై ఎందుకని మల్లిక మూడింటికీ వైర్లు లాగాలనుకుంది. పైన అటక లోపల వైరు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. నిచ్చెన ఆనడం లేదు, చేయి అందడం లేదు. అప్పుడే మధ్యాహ్నం బువ్వకని వచ్చిన మల్లప్ప కాసేపు చూసి, బయటికి పోయి తన కొంకి కట్టె తెచ్చాడు. గొర్లకు తుమ్మకొమ్మలు వంచే పొడుగాటి కట్టె అది. దాని కొనకు వైరు కట్టి అటకలోకి తోసి, అవతలి కొస నుంచి లాగేశాడు.

"ఇంకేమన్న గుంజాల్నా?" అనడిగాడు.

సాయంత్రానికి ఆ రెండు షటర్ల గదిలో గోడలు కట్టకుండానే మూడు గదులు ఏర్పడ్డాయి. వచ్చిపోయేవాళ్ల ఫోన్లకు ఒక వైఫై ఉంది. దాంట్లోంచి ఇంటర్నెట్ చూడొచ్చు తప్ప ల్యాబ్ కంప్యూటర్ ఒక్కటీ కనపడదు. లోపలి పనికి ఇంకో దారి. రక్తపరీక్ష మెషీన్‌కు అంటుకుని ఉన్న పాత కంప్యూటర్‌ది మరీ కష్టం. అది పాతకాలపు విండోస్ మీద నడుస్తుంది, కొత్త రక్షణలేవీ దాంట్లో పట్టవు, మారిస్తే మెషీన్ పనిచేయదు. దాన్ని ఒంటరిగా పెట్టారు. ఫలితాలు లోపలికి పంపడం తప్ప దానికి వేరే దారి లేకుండా, ఇంటర్నెట్ మొహం చూడకుండా కట్టేశారు. వైర్లన్నీ కలిసే డబ్బాను గోడకెక్కించి తాళం వేశారు.

ఆ తర్వాత పేర్లు. సుస్మితకు సుస్మిత పేరు, లింగస్వామికి లింగస్వామి పేరు, మల్లికకు మల్లిక పేరు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. సుస్మిత మనిషి పేరు, పరీక్ష పేరు రాయగలదు. ఫలితం చూడలేదు. లింగస్వామి బిల్లు చూడగలడు, జబ్బు చూడలేడు. ఎవరు ఏ రిపోర్టు ఎప్పుడు తెరిచారో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. మల్లిక తెరిచినా రాసుకుంటుంది. రిపోర్టు ఫోన్‌లో కావాలంటే మనిషి స్వయంగా ఇచ్చిన నంబరుకే, అది కూడా తాళమేసిన ఫైలే పంపాలి. ఫోన్ లేనివాళ్లకు అంటించిన కవరు.

లింగస్వామికి ఇది అవమానంగా తోచింది. "నన్ను గూడ నమ్మవా అక్కా? సొంత తమ్మున్ని."

"నమ్ముత. గందుకే పెట్టిన. మొన్న సుస్మిత మీద నువ్వు నింద వేసినవ్ గద. రేపు నీ మీద ఎవరన్న వేస్తె, నువ్వు తెరువలేదని నేనెట్ల చూపియ్యాలె? గిప్పుడైతె చూపిస్త."

రెండు రోజులకే అతను తన పాస్‌వర్డ్ చీటీ మీద రాసి తెర అంచుకు అంటించుకున్నాడు. మల్లిక పీకి చించేసింది. మళ్లీ అంటించాడు. మళ్లీ చించింది. చివరికి పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు తప్ప ఎవరికి తెల్వని నాలుగు మాటలు అనుకో. ఒకదానికొకటి సంబంధం లేకుండ. గవి కలిపి కొట్టు," అంది. అతను కాసేపు ఆలోచించి తనలో తను నవ్వుకుంటూ కొట్టాడు. ఆ నాలుగు మాటలేమిటో మల్లిక అడగలేదు, అతను చెప్పలేదు. చీటీ మళ్లీ కనపడలేదు.

అసలు పరీక్ష గాలయ్య రూపంలో వచ్చింది. గాలయ్య చుట్టుపక్కల ఊళ్లలో జ్వరాలకు, నొప్పులకు మందులిచ్చే ఆర్‌ఎంపీ. ల్యాబ్‌కు వచ్చే మనుషుల్లో సగానికి సగం ఆయన పంపినవాళ్లే. ఇదివరకు బస్టాండ్‌కు వచ్చినప్పుడల్లా లింగస్వామి ఇచ్చిన వైఫై పాస్‌వర్డ్‌తో అందరి రిపోర్టులూ తన ఫోన్‌లోనే చూసేవాడు.

"మల్లికమ్మా, నా ఫోన్ల రిపోర్టులు రావట్లే. ఏమైంది?"

"బందు చేసిన డాక్టర్ సాబ్. మీరు పంపిన మనిషి సరేనంటె ఆ మనిషిది మీకు పంపుత. మీ పేరు మీద, మీ ఫోన్‌కే. మిగిలినోళ్లయి రావు."

"నాకు తెల్వని జబ్బులా ఏంది గివి? నేను చూస్తె ఏం పోతది?"

"మీరు చూస్తె ఏం పోకపోవచ్చు. మీ ఫోన్ ఎవరి చేతిలకన్న పోతె?"

గాలయ్య ముఖం ఎర్రబడింది. "చూడు బిడ్డా, చండూర్ల కొత్త ల్యాబ్ వెట్టిన్రు. ఫోన్ చేస్తె ఉరికొస్తరు. నాకు గిన్ని కిరికిరులు వద్దు."

"మీ ఇష్టం సార్. నేనైతె తెరువను."

ఆయన అన్నంత పనీ చేశాడు. ఆ నెల ల్యాబ్ బెంచీలు ఖాళీగా కనపడ్డాయి. లింగస్వామి బండి ఊళ్లు తిరిగి సగం ఖాళీ డబ్బాతో వచ్చేది. సాయంత్రాలు అతను బిల్లుల లెక్క తెచ్చి అక్క ముందు పెట్టేవాడు. మల్లికకూ భయం లేకపోలేదు. నెల తిరిగేసరికి కిరాయి ఎలా అన్న దిగులు ఆమెకూ ఉంది. అయినా పొద్దున లేవగానే ఒకటే మాట అనుకునేది: వచ్చినవాళ్లనైనా సరిగ్గా చూసుకుందాం. వచ్చిన ప్రతి మనిషికీ, మీ రిపోర్టు ఎవరెవరు చూడొచ్చో మీరే చెప్పండని అడగడం మొదలుపెట్టింది. ఇదివరకు ఎవరూ అడగని మాట అది. కొందరు వింతగా చూశారు. కొందరు ఆడవాళ్లు చుట్టూ చూసి, "ఇంట్ల గూడ ఎవరికియ్యకు," అని గుసగుసగా చెప్పారు. ఆ ఆడవాళ్లే మెల్లమెల్లగా ఇంకొందరిని వెంట తీసుకొచ్చారు.

కట్టిపెట్టినంత మాత్రాన అయిపోదని సతీశ్ ముందే హెచ్చరించాడు. అందుకని శనివారం సాయంత్రం మల్లిక ఆ పనికే కేటాయించింది. కంప్యూటర్లకు, రౌటర్‌కు కొత్త అప్‌డేట్లు వచ్చాయేమో చూసి పెట్టేది. రిపోర్టుల నకలు రోజూ దానంతటదే ఎక్కే చిన్న డిస్కును తీసి, తాళమేసి, ఇంటికి తీసుకుపోయేది. ఇంటి నుంచి ఇంకో డిస్కు తెచ్చి దాని జాగాలో పెట్టేది. నకలు ఉంటే చాలదు, దాంట్లోంచి మళ్లీ తీసి చూడాలని సతీశ్ చెప్పిన మాట గుర్తుంచుకుని ఒక శనివారం తీసి చూస్తే, కొత్త రిపోర్టు ఒక్కటీ లేదు. గాబరాపడి వెతికితే, లింగస్వామి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి డిస్కు వైరు పీకి, మళ్లీ పెట్టడం మరిచాడని తేలింది.

"నేనేం కావాలని పీకిన్నా?" అన్నాడతను.

"కావాలని పీకలే. నేను చూడకపోతె పీకినట్టు సుత తెల్వకపోవు," అంది మల్లిక. అతనికి ఛార్జింగ్ కోసం వేరే ప్లగ్గు పెట్టించింది. ఆ వైరు మీద ఎర్ర టేపు చుట్టింది.

ఇంకో రోజు మల్లిక లోపల నెత్తురు తీస్తుండగా కౌంటర్ దగ్గర ఫోన్ మోగింది. మెషీన్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని, మీ మెషీన్‌లో లోపం కనపడుతోందని, ఒక యాప్ వేసుకుని దాని నంబరు చెబితే తామే అక్కడి నుంచి బాగుచేస్తామని, లేకపోతే సాయంత్రానికి మెషీన్ ఆగిపోతుందని ఒక మగగొంతు గబగబా చెప్పుకుపోయింది. మెషీన్ పేరు, మల్లిక పేరు కూడా సరిగ్గా చెప్పాడు. మెషీన్ ఆగితే తన వల్లే ఆగిందంటారేమోనని సుస్మిత భయపడింది. అయినా ఫోన్ రెండో చేతికి మార్చుకుని అడిగింది:

"సార్, మా దగ్గర కంపెనీ నంబరున్నది. నేనే గా నంబరుకు చేస్త. మీ పేరేంది?"

అవతలివాడు కసిరాడు. టైం లేదన్నాడు. మీ మేడంకు చెప్పి నీ ఉద్యోగం తీయిస్తానన్నాడు.

"తీపిచ్చుకో సార్," అని సుస్మిత ఫోన్ పెట్టేసింది.

మెషీన్ మీద అంటించి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, తామెవరూ చేయలేదని కంపెనీవాళ్లు చెప్పారు. మల్లిక బయటికొచ్చేసరికి లింగస్వామి సుస్మితకు మంచినీళ్లిస్తున్నాడు.

"సుస్మితా," అన్నాడతను, గ్లాసు వైపే చూస్తూ. "గా రోజు నిన్ను ఊరికెనే అన్న. మనసుల పెట్టుకోకు."

సుస్మిత నీళ్లు తాగి, "పెట్టుకున్న అన్నా," అంది. "ఇగ తీసేస్త."

గాలయ్య పంపేవాళ్లు తిరిగి రాలేదు. మొదట ఎవరు ఆ బొమ్మ పంపారన్నదీ చివరిదాకా తేలలేదు. కానీ ల్యాబ్ నిలదొక్కుకుంది. వానలు తగ్గి పత్తి ఏరే రోజులు వచ్చేసరికి బెంచీల మీద మళ్లీ మనుషులు కూర్చోవడం మొదలైంది.

అలాంటి ఒక పొద్దున నిరోష వచ్చింది. భర్త, కొడుకు వెంట ఉన్నారు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, జబ్బు లేనివాళ్లకు టీకా వేయించాలని డాక్టరమ్మ చెప్పిందట. మల్లిక చేతిలో పని వదిలి ఎదురొచ్చింది. నిరోష నవ్వలేదు.

"నల్లగొండల ల్యాబ్‌కే పోయిన మొన్న," అంది. "అక్కడ అడిగిన, మా రిపోర్టు ఎవరెవరు చూస్తరు అని. నవ్విన్రు. నువ్వైతె నవ్వవని వచ్చిన. ఊకె మాటలు చెప్పకు. చూపియ్యి."

మల్లిక ఆమెను కౌంటర్ లోపలికి తీసుకుపోయి సుస్మిత పక్కన నిలబెట్టింది. "సుస్మితా, నిరోష రిపోర్టు తెరువు."

సుస్మిత తన పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి నిరోష పేరు కొట్టింది. నీకు అనుమతి లేదని తెర మీద వచ్చింది. మల్లిక లింగస్వామిని పిలిచింది. అతను తన నాలుగు మాటలు కొట్టి ప్రయత్నించాడు. అదే వచ్చింది. నిరోష తన ఫోన్ తీసి, గోడ మీద రాసి ఉన్న వైఫైలోకి పోయి, తనే వెతికింది. ఆ ఫోన్‌లో ల్యాబ్‌ది ఏదీ కనపడలేదు. బయటికి పోయి టీ హోటల్ దగ్గర నిలబడి మళ్లీ వెతికింది. ఎవరూ తొందరపెట్టలేదు.

లోపలికొచ్చి, "మరి నువ్వు?" అనడిగింది.

"నేను చూస్త. పరీక్ష చేసేది నేనే గద. చూసినట్టు రాసి ఉంటది. ఎప్పుడడిగినా చూపిస్త."

నిరోష కుర్చీ దగ్గరికి పోయి, కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి అంగీ చేయి పైకి మడిచింది.

"వీనిది ముందుగాల తియ్యి. సూదంటె ఏడుస్తడు. మేమిద్దరం తర్వాత."

మల్లిక కొత్త తొడుగులు వేసుకుని సిరంజి కవరు చింపింది. "భయపడకు బిడ్డా, చీమ కుట్టినట్టుంటది," అంది. వాడు భయపడ్డాడు, గట్టిగా ఏడ్చాడు కూడా. నిరోష వాణ్ని గుండెకు అదిమి పట్టుకుంది. మల్లిక సీసాకు నంబరు చీటీ అంటించి ట్రేలో నిలబెట్టి, దూది ముక్క వాడి చేతి మీద ఒత్తి, మెల్లగా మోచేయి మడిచింది.

"ఇగ నీది ఇయ్యి నిరోషా," అంది.

నిరోష చేయి చాపింది.